చేరండి బాబు చేర్చిన జనం

ఆ వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ అతను చేరండి బాబే. బ్లాగులు రాయడం అతని వృత్తి. ఏ కంపెనీకి ఏం రాసిపెట్టినా చివర ఒక ఆకుపచ్చ పెట్టె ఉంటుంది, అందులో "ఇప్పుడే చేరండి" అని రెండు ముక్కలుంటాయి. పరుపు గురించి రాసినా అదే పెట్టె, నీళ్ల ఫిల్టరు గురించి రాసినా అదే పెట్టె, నడుము సన్నబడే పొడి గురించి రాసినా అదే పెట్టె. చదివిన మనిషి ఆ పెట్టె మీద వేలు పెట్టాలి, తన ఈమెయిల్ ఇచ్చుకోవాలి. ఇక ఆ పూట నుంచి బాబు రాతలు రోజూ ఆ మనిషి ఫోనులో వచ్చి పడుతుంటాయి. పడగా పడగా ప్రాణం విసిగి ఏదో ఒకనాడు ఆ మనిషి పరుపో, ఫిల్టరో, పొడో కొనేస్తాడు. ఇంత చేసి దానికి అతను "పాఠకుణ్ణి కస్టమర్‌ని చేసే కళ" అని పేరు పెట్టుకున్నాడు. కళట!

ఆ కళలో కిటుకేమిటో అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు. "మనిషికి ఎక్కడ నొప్పి ఉందో మొదటి వాక్యంలో అక్కడ వేలు పెట్టాలి. రెండో పేరాలో గట్టిగా నొక్కాలి. అమ్మా అని అరిచేలోపు మూడో పేరాలో మందు చూపించాలి. ఆ వెంటనే పెట్టె." ఇది చెబుతున్నప్పుడు అతని ముఖం చూసి తీరాలి. ప్రాణాలు పోసే డాక్టరు కూడా అంత గంభీరంగా ఉండడు.

పరుపుల కంపెనీకి "హాయిగా నిద్రపోవడం మీ హక్కు" అని రాసిన రోజుల్లో అతను పడుకున్నది అక్క ఇంట్లో, ముందుగదిలోని పాత సోఫా మీద. దాని స్ప్రింగొకటి పైకి పొడుచుకొస్తే దాని మీద తువ్వాలు మడిచి వేసుకుని పడుకునేవాడు. నీళ్ల ఫిల్టరు గురించి చదివినవాళ్లకి భయంతో గొంతు ఎండిపోయేలా రాసి, లేచి వెళ్లి కుళాయి కింద నోరు పెట్టి తాగేవాడు. పొడి గురించి రాసినన్నాళ్లూ అతని చొక్కా గుండీలు పటపటా ఊడుతుంటే కుట్టలేక అక్క చేతులు నొప్పిపుట్టాయి.

అక్కంటే గొడుగులక్క. వీధి మలుపులోని గొడుగుల దుకాణం ఆమెది. ఊచ వంగినవి, గుడ్డ చిరిగినవి, పిడి ఊడినవి బాగుచేసిచ్చే దుకాణం. వాళ్ల నాన్న నడిపినది. నాన్న పోయాక ఆమె చేతికొచ్చింది. గాజు కిటికీలో విప్పిపెట్టిన నల్లగొడుగు నాన్న పెట్టినదే, దాన్ని ఆమె కదపలేదు. అయితే ఇల్లు గడిచేది గొడుగుల మీద కాదు. దుకాణం వెనక పరదా దాటితే ఇంకో గది ఉంది. ఆ గదిలో అక్క విగ్గులు చేస్తుంది.

విగ్గనగానే నాటకాలవాళ్లు తగిలించుకునే రాజుగారి జులపాలు అనుకునేరు. ఇవి జబ్బు చేసి జుట్టంతా రాలిపోయినవాళ్లు పెట్టుకునేవి, పెట్టుకున్నట్టు పక్కింటివాళ్లకే కాదు, పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లకి కూడా తెలియకూడనివి. తల ఆకారంలో ఉన్న గుడ్డదిమ్మ మీద పల్చటి జాలీగుడ్డ బిగించి, సన్నని కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనీ లాగి ముడివెయ్యాలి. నుదుటి దగ్గర ఒంటి వెంట్రుక ముళ్లు, వెనక్కి పోయేకొద్దీ రెండేసి, మూడేసి. పాపిట గీత గీసినట్టు ఉంటే పనికిరాదు, నిజం తలలో ఉన్నట్టు కాస్త వంకరపోవాలి. అంత ఓపికా కళ్లూ అక్కకి ఉన్నాయి.

ఆ పనికి ఆమె రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. విగ్గు కావలసినవాళ్లు చేతిలో ఒక గొడుగు పట్టుకుని రావాలి, మండుటెండైనా సరే. చూసినవాళ్లు గొడుగు బాగు చేయించుకోవడానికి వెళ్లారనుకుంటారు. "ఊచ వంగిందండీ" అని వాళ్లు గుమ్మంలో గట్టిగా అనాలి, "లోపలికి రండి, చూద్దాం" అని అక్క అనాలి. అదొకటి. వాళ్లు బయట ఎక్కడ ఎదురుపడినా, ఎంత రద్దీలో భుజాలు రాసుకున్నా, అక్క వాళ్లని ఎరగదు. ఇది రెండోది. తల ఊపదు, నవ్వదు, కనీసం కళ్లు కూడా నిలపదు. గొడుగుల మనిషి ఈ పెద్దమనిషిని ఎందుకు పలకరించింది అని ఎవరికీ అనుమానం రాకూడదు కదా. ఇది తెలియని జనం మాత్రం "గొడుగులక్కకి కళ్లు నెత్తికెక్కాయి" అనేవాళ్లు. అనుకుంటే అనుకోనీ అని ఆమె ఊరుకునేది.

ఇక బాబు తల సంగతి. నల్లగా నిగనిగలాడుతూ, నుదుటి మీద ఒక పాయ అలవోకగా పడుతూ, బ్లాగులో అతని ఫొటో చూసి కుర్రకారు చెవి కోసుకునే జుట్టు. ఆ జుట్టంతా అక్క చేతిపనే. పెళ్లీడు రాకముందే అతని నడినెత్తి పలకలా నున్నబడింది. అప్పటి నుంచి అక్క అతనికి ముందుగదిలోనే తలుపు గడియ పెట్టి, టీ తాగుతూ, విగ్గు తీసి శుభ్రం చేసి మళ్లీ అంటించేది. గొడుగూ లేదు, పరదా లేదు. తమ్ముడు కదా. వీధిలో కనిపిస్తే "ఒరేయ్, తిన్నావా?" అని పిలిచి మరీ అడిగేది. ఆ తల గురించి తమ్ముడికీ అక్కకీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

కంపెనీలు ఒక్కొక్కటే అతన్ని వదిలించుకున్నాయి. చదివేవాళ్లు చదువుతున్నారు గానీ కొనేవాళ్లు లేరని పరుపులవాళ్లు, పెట్టె మీద వేలు పెట్టినవాళ్లందరూ తిట్టడానికే పెట్టారని ఫిల్టరువాళ్లు. సోఫా మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ ఉంటే అతని చూపు దుకాణం మీద పడింది.

"అక్కా, నీ దుకాణానికి ఒక బ్లాగు పెడతాను."

"నా దుకాణానికి ఏం తక్కువైందిరా?"

"జనం. ఎంతసేపూ ఆ పది తలకాయలే. నేను రాశానంటే ఊళ్లోవాళ్లంతా వచ్చి పడతారు."

"నా దగ్గరికి ఊళ్లోవాళ్లంతా రాకూడదు. అందుకే నా దగ్గరికి వస్తారు," అంది అక్క సూది మీద నుంచి కళ్లు తీయకుండా.

"సరే, గొడుగుల గురించి రాస్తాను. దానికేం ఇబ్బంది లేదుగా?"

గొడుగుల గురించి రాస్తే ఇబ్బందేముంటుంది? రాసుకోమంది. తమ్ముడు ఖాళీగా కూర్చోవడం కంటే ఏదో ఒకటి గిలుకుతూ ఉంటే మంచిదే అనుకుంది. పాపం, ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో!

గొడుగుల గురించి రాశాడు. వానలో తడిసిన మనిషి దైన్యం గురించి, ఎండలో మాడిన మాడు గురించి రాశాడు. ఎవరూ చదవలేదు. ఒక్కరు చదివారు గానీ ఆ ఒక్కరూ బాబే.

అయితే ముందుగదికీ విగ్గుల గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. సోఫా ఆ చెక్కకే ఆనుకుని ఉంది. అవతల ఊపిరి పీలిస్తే ఇవతల వినిపిస్తుంది. తన రాతలు ఎవరూ చదవకపోయేసరికి అతను చెవి ఆ చెక్కకి అతికించాడు.

ఆ రోజు అవతల కూర్చున్నది లెక్కల టీచరు. దగ్గర్లోని బడిలో పాఠాలు చెబుతుంది, ఒంటరి మనిషి. జబ్బు తగ్గింది గానీ జుట్టు తిరిగి రాలేదు. అక్క దగ్గరికి చాలాకాలంగా వస్తోంది. పాత విగ్గు ముందంచు పీచులేస్తోందని కొత్తది చేయించుకుంటోంది. అది దిమ్మ మీద సగం ముళ్లతో ఉంది. అక్క కొలత సరిచూస్తుంటే టీచరు మెల్లగా అంది: "క్లాసులో ఫ్యాను వేస్తే నాకు గుండె ఆగిపోతుందండీ. ఎంత ఉక్కగా ఉన్నా ఆపెయ్యమంటాను. పిల్లలు తిట్టుకుంటూ ఉంటారు. ఈ కొత్తది పెట్టుకుని ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, ఫ్యాను కింద నిలబడి పాఠం చెప్పాలని ఉంది."

"చెబుతారు. నాది పూచీ," అంది అక్క.

చెక్కకి ఇవతల బాబు కళ్లు మెరిశాయి. అవతల ఒక మనిషి గుండె విప్పి చెబుతోంటే, ఇవతల ఇతగాడికి మొదటి వాక్యం దొరికింది.

నాలుగు రోజులు పోయాక అక్కకి వీధి తేడాగా కనిపించింది. ఎప్పుడూ మూతి తిప్పుకుని పోయేవాళ్లు నవ్వుతున్నారు. దుకాణం ఎదురుగా నడక నెమ్మది చేసి లోపలికి తొంగిచూస్తున్నారు. వస్తామన్న కస్టమర్లు రాలేదు. టీచరు కూడా రాలేదు. ఏమైందో తెలియక ఆమె చల్లారిన టీ జుర్రున తాగుతుంటే మేడమీద పిన్ని ఆయాసపడుతూ దిగివచ్చింది. పిన్నంటే చుట్టరికం కాదు, ఆ వాటాలో పాతికేళ్లుగా అద్దెకుంటోంది.

"ఏమ్మా, ఇన్నాళ్లూ నాకొక్క ముక్క చెప్పలేదు! నేనేమన్నా పరాయిదాన్నా?"

"ఏం ముక్క పిన్నీ?"

"ఇంకా ఏం ముక్క అంటావేంటి? పెద్ద గుమ్మడికాయంత ముక్క! ఇదిగో, నా ఫోన్లోనే ఉంది. నేనూ చేరాగా." పిన్ని కళ్లద్దాలు సవరించుకుని బడిపిల్లలా పైకి చదివింది. "'గదిలో ఉక్కపోస్తున్నా ఫ్యాను ఆపమనే టీచర్ని మీరెప్పుడైనా చూశారా? ఆమె ఎందుకు ఆపమంటుందో తెలిస్తే మీ కళ్లు చెమరుస్తాయి.' చెమర్చాయి తల్లీ, ఒట్టు. ఆ తర్వాత నీ గురించి. 'వాళ్లు గొడుగు పట్టుకుని వస్తారు. గొడుగు వంక మాత్రమే. తన దగ్గరికి వచ్చినవాళ్లు దారిలో ఎదురైనా ఆమె ఎరగదు. అదే ఆమె వాళ్లకిచ్చే మాట.' అబ్బ, ఎంత బాగా రాశాడే! ఇంతకీ ఎవరెవరు వస్తారమ్మా? ఆ బ్యాంకాయన వస్తాడా? పోయిన వేసవిలో గొడుగుతో వచ్చాడు, నేను చూశాను."

అక్క కప్పు కింద పెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి ఆ క్షణాన తెలిసింది. "ఇది ఎంతమంది చదివారు?"

"ఎంతమందేంటి, వీధి వీధంతా చేరింది! రేపు ఎవరి గురించి రాస్తాడో అని పొద్దున్నే అందరం ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నాం."

అదీ సంగతి. బాబుకి జన్మలో లేనంత జనం చేరారు. చేరినవాళ్లలో తలమీద జుట్టు లేనివాడు ఒక్కడూ లేడు. ఎవరి తల మీద లేదో తెలుసుకుందామని చేరినవాళ్లే అందరూ. బడిలో సంగతి ఇంకా ఘోరం. పిల్లలకి ఫ్యాను ఆపమనే టీచరు ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె బోర్డు వైపు తిరగడం ఆలస్యం, వెనక బెంచీవాళ్లు ఫ్యాను ఆఖరి గీత దాకా తిప్పేశారు. ఆమె రెండు చేతులతో తల పట్టుకుని, చాక్‌పీసు కింద పడేసి, బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి బడికి రాలేదు.

అక్క ముందుగదిలోకి వెళ్లేసరికి బాబు సోఫా మీద బోర్లా పడుకుని, ఫోనులో చేరినవాళ్ల అంకె పెరుగుతుంటే చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"ఒరేయ్, ఆ రాసింది తీసెయ్."

"తీసెయ్యడమా! అక్కా, నా బతుకులో ఇంతమంది చదివింది ఇంకోటి లేదు."

"ఆవిడ బడి మానేసింది. తెలుసా నీకు?"

"నేను పేరు రాయలేదుగా!" అన్నాడు లేచి కూర్చుంటూ. "లెక్కల టీచర్ని సైన్సు టీచర్ని చేశాను. కుడిచెంప మీద పుట్టుమచ్చని ఎడమచెంపకి మార్చాను. అంత జాగ్రత్త పడ్డాను."

"మరి ఫ్యాను?"

"ఫ్యాను మారిస్తే ఎలా అక్కా? చదివేవాడి గుండె పట్టుకునేది అక్కడే కదా."

చిన్నప్పుడు చంకనేసుకు తిప్పిన పిల్లాడు ఇతనేనా అని అక్క అతని వైపు చూసింది. "సరే. చేరినవాళ్లలో విగ్గు కావాలని ఎంతమంది అడిగారు?"

"అప్పుడే అడగరు. ముందు నమ్మకం కలగాలి."

నమ్మకమట! ఉన్న నమ్మకాన్ని నిలువునా పాతేసి, దాని మీద కూర్చుని ఇతగాడు నమ్మకం కోసం ఎదురుచూస్తున్నాడు.

అక్క బతిమాలింది, తిట్టింది, ఫోను లాక్కుంది. చివరికి ఒప్పుకున్నాడు. ఆ రాత తీసేశాడు. తీసేసి ఏం చేశాడనుకున్నారు? మర్నాడు ఇంకోటి రాశాడు. దాని పేరు "అక్కా, నన్ను క్షమించు". "ఒక తమ్ముడు చేసిన తప్పుకి ఒక అక్క వెక్కివెక్కి ఏడ్చిన ఉదయం అది" అని మొదలవుతుంది. అక్క వెక్కలేదు, ఏడవలేదు, చీపురు తిరగేసింది. ఆ సంగతి ఎక్కడా లేదు. చివర మాత్రం ఆకుపచ్చ పెట్టె భేషుగ్గా ఉంది: "ఈ అక్కాతమ్ముళ్లు మళ్లీ కలుస్తారా? తెలుసుకోవాలంటే ఇప్పుడే చేరండి." క్షమాపణ చదివి మొదటిదానికంటే ఎక్కువమంది చేరారు. మొదటిది చదవనివాళ్లు కూడా దాన్ని వెతుక్కుని, ఎవరో దాచిపెట్టుకున్నది తెప్పించుకుని మరీ చదివారు.

ఈలోపు వానలు మొదలయ్యాయి. గొడుగులక్క దుకాణానికి పంట పండాల్సిన కాలం. కానీ ఆ వీధిలో గొడుగు విప్పే మొగాడు లేడు, ఆడదీ లేదు. గొడుగుతో కనిపిస్తే చాలు, అరుగుల మీదివాళ్ల చూపులన్నీ ముఖం మీద కాదు, నుదుటికి పైన ఆగేవి. బ్యాంకాయన తోలుసంచీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవాడు. మేడమీద పిన్ని ప్లాస్టిక్ సంచీ తలకి కట్టుకుని కూరలకి వెళ్లేది. మనుషులు నిక్షేపంగా తమ సొంత జుట్టే తడుపుకుని, జలుబు తెచ్చుకుని, తుమ్ముకుంటూ తిరిగారు. అంత తెలివైన జనం.

అక్కకి ఇవేవీ పట్టలేదు. ఆమె బెంగంతా దిమ్మ మీదున్న ఆ విగ్గు మీదే. ఎవరూ రాని ఆ గదిలో కూర్చుని మిగతా ముళ్లన్నీ వేసింది. అంత బాగా ఆమె చేతుల మీదుగా ఎప్పుడూ కుదరలేదు. కుదిరి ఏం లాభం? పూచీ అని నోటితో అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. టీచరు వచ్చి తీసుకోకపోతే, ఇక ఈ పని చేసే ముఖం తనకి లేదనుకుంది.

ఎన్నడూ కస్టమర్ల గుమ్మం తొక్కని మనిషి, ఆ రోజు విగ్గుని గుడ్డసంచీలో పెట్టుకుని, చేతిలో ఒక గొడుగు పట్టుకుని టీచరు ఇంటికి వెళ్లింది. తలుపు తట్టింది. టీచరు తలకి రుమాలు గట్టిగా కట్టుకుని తలుపు తీసింది. పక్కవాటా ఆవిడ మెట్లు తుడుస్తున్నదల్లా చెయ్యి ఆపేసింది.

"మీ గొడుగు బాగైందండీ," అంది అక్క.

టీచరు ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. "నేను గొడుగు ఇవ్వలేదే. మీరెవరో నాకు తెలీదు. ఇంకెవరింటికో వెళ్లబోయి వచ్చినట్టున్నారు."

తలుపు మెల్లగా మూసుకుంది. మెట్లు తుడిచే ఆవిడ నిరాశగా మళ్లీ గుడ్డ అందుకుంది.

తిరిగి వస్తూ అక్క ఆ గొడుగు విప్పలేదు. వాన ముఖం మీద పడుతుంటే పడనిచ్చింది. తన కట్టుబాటునే టీచరు తనకి తిప్పి అప్పజెప్పింది. అందులో తప్పేముంది? తన గోడకే చెవులు మొలిచాక, ఆమె మాత్రం తనని ఎందుకు ఎరగాలి?

ఇంటికి రాగానే మేస్త్రీని పిలిపించింది. సోఫాని మేడమెట్ల కింద కొట్టుగదిలోకి ఈడ్పించింది. ప్లైవుడ్ చెక్క స్థానంలో ఇటుకలు పెట్టించింది. బాబు గోలపెట్టాడు.

"అక్కా, అక్కడ కిటికీ లేదు! గాలాడదు!"

"ఫ్యాను వేసుకో," అంది అక్క.

గోడ తడి ఆరకముందే అతనికి ఇంకో అవసరం వచ్చింది. క్షమాపణ చదివి ముచ్చటపడిపోయిన ఒక పెద్ద కంపెనీ ఆయన అతన్ని చూడడానికి వస్తున్నాడు. విగ్గు ముందంచు కాస్త లేస్తోంది. ఎప్పటిలా టీ కప్పుతో వచ్చి అక్క ముందు కుర్చీ వేసుకున్నాడు.

"అక్కా, కాస్త అంటించిపెట్టవే. ఆయన రేపే వస్తున్నాడు. ఉద్యోగం ఖాయమైనట్టే."

"దుకాణం తెరిచాక రా. గొడుగు పట్టుకురా."

బాబు పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు. అతని నవ్వు దానంతటదే ఆగిపోయింది.

మర్నాడు చుట్టూ చూసుకుంటూ, గొడుగుని చంకలో ఇరికించుకుని వెళ్లాడు. అతన్ని చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు, అక్క గొడుగు తమ్ముడి చేతిలో ఉంటే వింతేముంది? అక్క పరదా వెనక స్టూలు చూపించింది.

"తల కాస్త వంచండి."

"ఏంటక్కా ఈ అండీలు, గిండీలు?"

"ఇక్కడ కూర్చున్నవాళ్లందర్నీ అలాగే అంటాను. కదలకండి."

పనిలో మాత్రం ఆమె ఏ లోటూ చేయలేదు. పాత జిగురు తుడిచి, ఉతికి, ఆరబెట్టి, ముందంచు వెంట్రుకవాసి తేడా లేకుండా అతికించి, ఆ అలవోక పాయని నుదుటి మీదికి దువ్వి పంపించింది. అద్దంలో చూసుకుని బాబు మురిసిపోయాడు. అక్క కోపం పోయిందనుకున్నాడు. అంతే అతని తెలివి.

కంపెనీ ఆయన వచ్చాడు. ఇద్దరూ టీ దుకాణం చూరు కింద కూర్చున్నారు. సన్నగా జల్లు పడుతోంది. గొడుగుల్లేని జనమంతా అదే చూరు కింద ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నిలబడ్డారు, ప్లాస్టిక్ సంచీ తలతో మేడమీద పిన్ని సహా. కంపెనీ ఆయన గొంతు పెద్దది.

"మీ మొదటి బ్లాగు కూడా తెప్పించుకుని చదివానండి. అందులో ఒక్క వాక్యం చాలు. 'తన దగ్గరికి వచ్చినవాళ్లు దారిలో ఎదురైనా ఆమె ఎరగదు.' ఆహా! మా వాళ్లందరికీ చదివి వినిపించాను. ఇంతకీ ఆ అక్కయ్యగారిని చూడొచ్చా?"

"చూడ్డమేంటి సార్, అదిగో వస్తోంది!"

జల్లులో అక్క వస్తోంది, విప్పిన గొడుగుతో. వీధి మొత్తానికి విప్పిన గొడుగు అదొక్కటే. బాబు చెయ్యెత్తి పిలిచాడు. "అక్కా! ఇటు!"

అక్క వాళ్ల ముందు నుంచే నడిచింది. తల ఊపలేదు, నవ్వలేదు. ఆమె చూపు అతని మీద నుంచి, టీ డబ్బా మీద నుంచి పోయినట్టే పోయింది.

"అక్కా! నిన్నే! ఏంటి, నన్ను ఎరగనట్టు పోతావు?"

ఆ మాట అన్నది అతనే. ఇంకెవరూ అనలేదు. గొడుగు మలుపు తిరిగిపోయింది. చూరు కింద ఉన్నవాళ్లందరూ ఆ వాక్యం చదివినవాళ్లే, అందరూ చేరినవాళ్లే. ముందుగా మేడమీద పిన్ని నోరు కాస్త తెరుచుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క చూపే మెల్లగా లేచి, బాబు ముఖం దాటి, కనుబొమలు దాటి, ఆ అలవోక పాయ దగ్గరికి వెళ్లి ఆగింది. బాబు చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. పోకుండా ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేవాడేమో.

కంపెనీ ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో... అయ్యయ్యో! ఇది రాయండి సార్! దీని ముందు అవన్నీ దండగ! మొదటి వాక్యం ఇలా మొదలుపెట్టండి..."

బాబుకి జన్మలో మొదటిసారి రాయడానికి ఏమీ తోచలేదు. టీ సగంలో వదిలేసి వానలో పడి వెళ్లిపోయాడు.

పిన్ని ఆగలేక ఆ సాయంత్రమే దుకాణంలో దూరింది. "ఏమ్మా, నిజమేనా?"

"ఏది పిన్నీ?"

"అదే, మీ తమ్ముడి... ఇది." నెత్తి మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది.

"గొడుగేమైనా చిరిగిందా పిన్నీ?"

"గొడుగెందుకు చిరుగుతుంది?"

"మరి దుకాణానికి ఎందుకొచ్చావ్?"

పిన్ని మూతి ముడుచుకుని మెట్లెక్కింది. తమ్ముడి తల మీద ఏముందో ఆ రోజుకీ, ఆ తర్వాతా అక్క నోట ఎవరూ వినలేదు. చెప్పాల్సినదంతా అతనే రాసి పెట్టాడు కదా, ఆమె చెప్పడానికి ఏం మిగిలింది?

వీధికి నమలడానికి కొత్తది దొరికింది, పాతవన్నీ ఉమ్మేసింది. బాబు తల గురించి మాట్లాడుకునే హడావుడిలో ఎవరి చేతిలో గొడుగుందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. బ్యాంకాయన కూడా గొడుగు విప్పాడు. బాబు కొట్టుగదిలో నుంచి బయటికి రావడం తగ్గించాడు. టోపీ పెట్టుకుని, గోడవారగా నడిచేవాడు. బ్లాగు మూసేశాడు. చేరినవాళ్లు మాత్రం ఇంకా చేరే ఉన్నారు, పొద్దున్నే ఫోను తెరిచి, ఏమీ రాలేదేమిటా అని విసుక్కుంటూ.

ఎండ కాసిన ఒక మధ్యాహ్నం దుకాణం గుమ్మంలో నీడ పడింది. రుమాలు కట్టుకున్న లెక్కల టీచరు. చేతిలో గొడుగు.

"ఊచ వంగిందండీ," అంది గట్టిగా.

అక్క చేతిలోని పని పక్కన పెట్టింది. "లోపలికి రండి, చూద్దాం," అంది.

పరదా వెనక స్టూలు మీద కూర్చుంటూ టీచరు పక్కకి చూసింది. ప్లైవుడ్ చెక్క ఉండే చోట సున్నం ఇంకా సరిగా ఆరని ఇటుకగోడ ఉంది. వేలితో ఒకసారి తట్టి చూసింది. అవతలికి ఏమీ పోదని తేలాక రుమాలు విప్పింది.

అక్క కొత్త విగ్గు పెట్టింది. అంచు నొక్కింది. పాపిట సవరించింది. వెళ్లి గోడమీది ఫ్యాను మీట వేసింది. రెక్కలు తిరిగాయి. టీచరు చేతులు రెండూ గభాలున పైకి లేచి, మధ్యలో ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగాయి. జుట్టు గాలికి లేచి, చెంప మీద పడి, మళ్లీ లేచింది. అక్క మీటని ఆఖరి దాకా తిప్పింది. టీచరు ఆపమనలేదు. ఎదుటి అద్దంలో చూసుకుంటూ చాలాసేపు అలాగే కూర్చుంది.

వెళ్లేముందు ఆమె గొడుగు అందుకోబోతే అక్క ఇవ్వలేదు. "ఉండండి, ఊచ నిజంగానే వంగింది," అని పట్టకారు తీసి సరిచేసి ఇచ్చింది.

మర్నాడు పొద్దున బడి వేళకి బస్టాపు దగ్గర ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. భుజాలు రాసుకునేంత దగ్గరగా వచ్చారు. ఒకరినొకరు ఎరగనట్టే చెరో దారిన వెళ్లిపోయారు.